అన్ని స్థితులలోనూ అల్‌హమ్దులిల్లాహ్

సమస్త స్తుతులూ అల్లాహ్‌కే చెందుతాయి. మనల్ని పుట్టించినవాడు, పోషించేవాడు, చివరకు తన సన్నిధికి రప్పించుకునేవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబంపైన, సహచరులందరిపైన శాంతి, శుభాలు వర్షించుగాక!



ఎవరైనా క్షేమసమాచారం అడిగితే మన నోట అప్రయత్నంగా వెలువడే మాట 'అల్‌హమ్దులిల్లాహ్'. ఆరోగ్యం బాగున్నప్పుడు, పంట ఇంటికి చేరినప్పుడు, బిడ్డకు ఉద్యోగం దొరికినప్పుడు ఆ మాట తేలికగానే వస్తుంది. కాని డాక్టరు పరీక్షలు రాసి ఫలితం కోసం వారం రోజులు ఆగమన్నప్పుడు, అప్పు తెచ్చి విత్తనం వేశాక వాన ముఖం చాటేసినప్పుడు, గల్ఫ్‌కు వెళ్ళిన కొడుకు నుండి నెలల తరబడి కబురు రానప్పుడు అదే మాట గొంతులో చిక్కుకుంటుంది. నోరు పలికినా మనసు కలిసిరాదు. 'లోపల ఇంత బాధ పెట్టుకుని పైకి స్తుతిస్తున్నానే, ఇది కపటం కాదా?' అనే సందేహం కూడా కొందరిని వేధిస్తుంది. నేడు మనం ఆ సందేహాన్ని గురించే ఆలోచిద్దాం.

మన ధర్మపండితులు 'హమ్ద్', 'షుక్ర్' అనే పదాల మధ్య ఒక భేదాన్ని వివరించారు. షుక్ర్ అంటే కృతజ్ఞత. అది మనకు అందిన మేలుకు సంబంధించినది. హమ్ద్ అంటే స్తుతి. మనకేమి అందింది, ఏమి అందలేదు అన్నదానిపై అది ఆధారపడదు. స్తుతింపబడేవాని గుణగణాలను తెలుసుకుని, ప్రేమతోనూ గౌరవంతోనూ చేసే ప్రశంస అది. కనుక కష్టంలో ఉన్న దాసుడు 'అల్‌హమ్దులిల్లాహ్' అన్నప్పుడు తనకు నొప్పి లేదని చెప్పడం లేదు. తన నొప్పి ఎంత నిజమో, తన ప్రభువు జ్ఞానమూ, న్యాయమూ, కారుణ్యమూ అంతకంటే నిజమని సాక్ష్యమిస్తున్నాడు. మారింది తన పరిస్థితే గాని తన ప్రభువు కాదు. ఇందులో అబద్ధానికి తావెక్కడిది?

దైవప్రవక్త (స) ఆచరణ కూడా మనకు ఇదే నేర్పుతుంది. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ప్రకారం, ఆయన తమకు నచ్చిన విషయాన్ని చూసినప్పుడు, సత్కార్యాలు నెరవేరడం అల్లాహ్ అనుగ్రహం వల్లనే అంటూ ఆయనను స్తుతించేవారు. నచ్చనిది ఎదురైనప్పుడు 'అల్‌హమ్దులిల్లాహి అలా కుల్లి హాల్' అనేవారు. అంటే, ఏ స్థితిలోనైనా స్తుతి అల్లాహ్‌కే అని అర్థం. రెండు సందర్భాలలో మాటలు వేరు. నచ్చనిదాన్ని నచ్చినదిగా చెప్పుకోవాలని మనకు ఆదేశం లేదు. రెండింటిలోనూ స్తుతిని మాత్రం విడిచిపెట్టవద్దన్నదే బోధన.

హజ్రత్ యూనుస్ (అ) వృత్తాంతాన్ని గుర్తుచేసుకుందాం. చేప ఆయనను మింగివేసింది. చేప కడుపు చీకటి, సముద్రగర్భపు చీకటి, రాత్రి చీకటి అంటూ వ్యాఖ్యాతలు మూడు చీకట్లను పేర్కొన్నారు. బయటపడే దారి లేదు, రేపటి గురించిన హామీ లేదు. అక్కడ ఆయన చేసిన మొరలో మొదట అల్లాహ్ ఏకత్వ ప్రకటన ఉంది, ఆ తరువాత ఆయన పవిత్రతను కొనియాడడం ఉంది, చివరగా తన తప్పిదాన్ని ఒప్పుకోవడం ఉంది. ఆయన అల్లాహ్ పవిత్రతను కొనియాడేవారిలో ఒకరు కాకపోయి ఉంటే ప్రళయదినం వరకు ఆ కడుపులోనే ఉండిపోయేవారని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. విముక్తి లభించాక స్తుతిద్దామని ఆయన వేచి ఉండలేదు. చీకటిలోనే స్తుతించారు.

అయితే స్తుతించే నాలుకకు తోడు కన్నీరు కార్చే కళ్ళు ఉండకూడదా? ఉండవచ్చు. దైవప్రవక్త (స) తమ పసిబిడ్డ ఇబ్రాహీం కన్నుమూసే వేళ ఏడ్చారు. మీరు కూడానా అని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యపడగా, ఇది కారుణ్యమని బదులిచ్చారు. కళ్ళు వర్షిస్తాయనీ, హృదయం దుఃఖిస్తుందనీ, నాలుకతో మాత్రం ప్రభువుకు ఇష్టమైనదే పలుకుతామనీ తెలియజేశారు. హజ్రత్ యాఖూబ్ (అ) దుఃఖంతో కంటిచూపునే పోగొట్టుకున్నారు, అయినా తన వేదనను అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు. కాబట్టి దుఃఖం అవిశ్వాసం కాదు. అల్లాహ్ ముందు వెళ్ళబోసుకునే బాధ సహనానికి విరుద్ధమూ కాదు.

అటువంటి స్తుతికి అల్లాహ్ వద్ద ఎంత విలువ ఉందో తిర్మిజీ గ్రంథంలోని ఒక హదీసు తెలుపుతుంది. ఒక దాసుని బిడ్డ మరణించినప్పుడు, ఆ దాసుడు ఏమన్నాడని అల్లాహ్ దైవదూతలను అడుగుతాడు. అతను నిన్ను స్తుతించి, 'ఇన్నా లిల్లాహ్' పలికాడని వారు విన్నవిస్తారు. అప్పుడు అతని కోసం స్వర్గంలో ఒక గృహం నిర్మించి, దానికి 'బైతుల్ హమ్ద్', అంటే స్తుతిగృహం, అని పేరుపెట్టమని అల్లాహ్ ఆజ్ఞాపిస్తాడు. బిడ్డ లేక బోసిపోయిన ఇంటి నుండి వెలువడిన ఒక్క మాటకు శాశ్వతమైన ఇల్లు ప్రతిఫలం!

సోదరులారా! ఈ మాట ఆపద వచ్చిన రోజున హఠాత్తుగా అలవడదు. ఐదు పూటల ఫర్జ్ నమాజులలో 17 రకాతులు ఉన్నాయి. ప్రతి రకాతులోనూ సూరె ఫాతిహా పఠిస్తాము, దాని ఆరంభమే హమ్ద్. రుకూ నుండి లేస్తూ, తనను స్తుతించినవాని మాటను అల్లాహ్ విన్నాడని పలుకుతాము. నమాజు ముగిశాక 33 సార్లు 'అల్‌హమ్దులిల్లాహ్' అంటాము. మనసు బాగున్న రోజున, బాగులేని రోజున కూడా ఇదే క్రమం. అర్థం తెలుసుకుని, తొందరపడకుండా పఠిస్తే ఇదే మనకు నిత్యశిక్షణ అవుతుంది.

ఇక రెండు హెచ్చరికలు. మొదటిది, స్తుతి పేరుతో ప్రయత్నాన్ని మానుకోరాదు. వైద్యం చేయించుకోవాలి, హక్కు కోసం అడగాలి, అప్పు తీర్చే మార్గం వెతకాలి. రెండవది, దుఃఖంలో ఉన్నవారిని స్తుతించమని గద్దించరాదు. ముఅతా యుద్ధంలో జాఫర్ (రజి) అమరులైన వార్త అందినప్పుడు దైవప్రవక్త (స), ఆ కుటుంబం తేరుకోలేని దుఃఖంలో ఉంది గనుక వారి కోసం భోజనం వండమని ఆదేశించారు. పొరుగింట మరణం సంభవిస్తే మనం ముందుగా తీసుకువెళ్ళవలసింది ఉపదేశం కాదు, అన్నం. మన ఆదరణ చూసి వారి నాలుక దానంతటదే 'అల్‌హమ్దులిల్లాహ్' పలికితే, ఆ పుణ్యంలో మనకూ భాగం దక్కుతుంది.

ఓ అల్లాహ్! కలిమిలో నిన్ను మరువని హృదయాన్ని, లేమిలో నిన్ను నిందించని నాలుకను మాకు ప్రసాదించు. ఫలితం కోసం ఎదురుచూస్తున్నవారికి నెమ్మదినీ, రోగులకు స్వస్థతనూ, దూరదేశాల్లో ఉన్న మా బిడ్డలకు రక్షణనూ అనుగ్రహించు. మా చివరి మాట నీ స్తుతే అయ్యేలా చెయ్యి. ఆమీన్.