బాలల ప్రజ్ఞాపరీక్షలు - తెలుగు సంఖ్యాపదాల నిడివి: ఒక పరిశీలన

కీలకపదాలు: ప్రజ్ఞాపరీక్ష, అంకెల జ్ఞప్తి, మాత్ర, వయఃప్రమాణాలు, ద్విభాషా బాలలు.

1. ఉపోద్ఘాతం

ప్రజ్ఞాపరీక్షను తెలుగులోకి తెచ్చే అనువాదకుడు పదజాల విభాగం దగ్గర ఆగి ఆలోచిస్తాడు. అంకెల దగ్గర ఆగడు. నాలుగు ఏ భాషలోనైనా నాలుగే గదా అన్న భావన అందుకు కారణం. కాని పరీక్షకుడు చెప్పిన అంకెల వరుసను విని, అదే క్రమంలో తిరిగి చెప్పవలసిన బాలుడు గుర్తుంచుకొనేది సంఖ్య విలువను కాదు, సంఖ్యను తెలిపే పదాన్ని.

ఈ అంశం ప్రజ్ఞాపరీక్షల పుట్టుకతోనే ఉంది. ప్రత్యేక బోధన అవసరమైన పిల్లలను గుర్తించడానికి ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ 1905లో పారిస్‌లో రూపొందించిన మాపనిలో ఇది చోటుచేసుకొంది. 1908 నాటి సవరణలో మూడేళ్లవారికి రెండంకెలు, నాలుగేళ్లవారికి మూడంకెలు నిర్ణయించారు. వెక్స్‌లర్ 1949లో ప్రకటించిన బాలల మాపనిలో ఇది అనుబంధ పరీక్ష. 2003 నాటి నాలుగో కూర్పులో ప్రధాన పరీక్షల సరసన చేరింది. బినే మాపనిని వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకు అనువుగా మలిచారు. వెక్స్‌లర్ మాపనికి ఎ.జె. మాలిన్ నాగపూర్‌లో భారతీయ రూపమిచ్చారు. ఈ రెండూ మన దేశంలో నేటికీ వాడుకలో ఉన్నాయి.

2. వెల్ష్ అనుభవం

వెల్ష్ పిల్లలు అంకెల పరీక్షలో అమెరికన్ పిల్లల కన్నా వెనుకబడినట్లు కనిపించడానికి కారణమేమిటన్న ప్రశ్నను ఎల్లిస్, హెనెలీ 1980లో పరిశీలించారు. రెండు భాషలూ తెలిసినవారు కూడా వెల్ష్‌లో తక్కువ అంకెలను, ఇంగ్లీషులో ఎక్కువ అంకెలను గుర్తుంచుకొన్నారు. వెల్ష్ అంకెలను పలకడానికి ఎక్కువ సమయం పట్టడమే ఇందుకు కారణమని వారు వివరించారు. మనస్సులో వల్లెవేసుకొనే కాలం పరిమితమైనది. పదం నిడివి పెరిగితే ఆ కాలంలో ఇమిడే పదాలు తగ్గుతాయి. నిడివి ఒక్కటే కారణమా, ఆ భాషలో అంకెలు వాడే అలవాటు కూడా కారణమా అన్న విషయంలో తరవాతి పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు.

3. తెలుగు సంఖ్యాపదాలు

ఇంగ్లీషులో ఒకటి నుంచి తొమ్మిది వరకు గల పదాలలో 'సెవెన్' తప్ప అన్నీ ఏకాక్షరాలే. మొత్తం పది అక్షరాలు. తెలుగులో ఆ తొమ్మిదింటికి ఇరవైమూడు అక్షరాలు. ఛందోదృష్టితో లెక్కిస్తే 'ఒకటి, రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు' మూడేసి మాత్రలు. 'నాలుగు, ఎనిమిది, తొమ్మిది' నాలుగేసి మాత్రలు. 'ఆరు-రెండు-ఐదు' తొమ్మిది మాత్రలైతే 'నాలుగు-తొమ్మిది-ఎనిమిది' పన్నెండు. పరీక్షాపత్రంలో రెండూ మూడంకెల వరుసలే, రెండింటికీ ఒకే విలువ. ఇంగ్లీషులో ఈ రెండు వరుసలూ మూడేసి అక్షరాలే గనుక అక్కడ ఈ తేడా తలెత్తదు.

అయితే మాత్రాగణన గడియారం కాదు. 'ఎనిమిది' వ్యవహారంలో 'ఎన్మిది' అయినప్పుడు నాలుగక్షరాలు మూడవుతాయి, మాత్రలు మాత్రం నాలుగే. 'నాలుగు' 'నాల్గు' అయితే ఒక మాత్ర తగ్గుతుంది. ఇంటివద్ద 'ఎన్మిది' అనే బాలునికి పరీక్షకుడు గ్రాంథికోచ్చారణతో అంకెలు చదివినప్పుడు జరిగే మార్పును కొలవాలంటే ఉచ్చారణ కాలాన్ని నేరుగా నమోదు చేయవలసిందే.

4. వయఃప్రమాణాలు - ద్విభాషా బాలలు

తెలుగు పిల్లలను తెలుగు పిల్లలతోనే పోల్చే వయఃప్రమాణాలు ఉంటే ఈ నిడివి భారం అందరిపైనా సమానంగా పడుతుంది. ఇతర భాషలో ఏర్పడిన ప్రమాణాలను అనువదించిన ప్రశ్నలకు తగిలించినప్పుడే అన్యాయం జరుగుతుంది. ఒక్క ఉపపరీక్ష ప్రజ్ఞాలబ్ధిని తారుమారు చేయకపోవచ్చు. కాని 70 అనే హద్దు దగ్గర రెండు మూడు పాయింట్ల తేడా బాలునికి ఏ పేరు పెట్టాలో, ఏ తరగతిలో కూర్చోబెట్టాలో నిర్ణయించవచ్చు.

ప్రమాణాలు ఉన్నా మరో చిక్కు ఉంది. ఫోను నంబరు ఇంగ్లీషులో, ఇంట్లో పాల లెక్క తెలుగులో చెప్పే బాలుడు ఏ భాషలో పరీక్ష రాయాలి? ఆంగ్లమాధ్యమంలో చదివే పిల్లలకు తెలుగు అంకెలు నిడివిగలవే కాక, అలవాటు తప్పినవి కూడా. ఇంట్లో గోండి, కోయ, సవర మాట్లాడే పిల్లలకైతే తెలుగు అంకెలే బడి అంకెలు. కనుక ఫలితపత్రంలో పరీక్ష భాష అన్న గడి చాలదు. అంకెలను ఏ భాషలో చదివారు, బాలుడు ఏ భాషలో తిరిగి చెప్పాడు, మధ్యలో భాష మార్చాడా అన్న మూడింటినీ విడివిడిగా రాయాలి.