జంషెడ్‌పూర్‌లో బడి మార్పు: తల్లిదండ్రులకు ఉన్న హక్కు, మిగిలి ఉన్న పని

పిల్లలను ఒక బడి మాన్పించి మరొక బడిలో చేర్పించాలన్న ఆలోచన కుటుంబాలలో ఎక్కువగా రెండు కారణాల వల్ల పుడుతుంది. ఉద్యోగమో ఉపాధియో ఊరు మార్చడం మొదటిది, ఉన్న బడిలో చదువు సాగడం లేదన్న దిగులు రెండవది. జార్ఖండ్ రాష్ట్రంలోని జంషెడ్‌పూర్‌లో ఈ రెండు కారణాలూ చాలా కాలంగా కలిసే కనిపిస్తున్నాయి. ఆ నగరం వలస వచ్చిన కార్మికుల చేతుల మీదుగా పెరిగినది కావడమే కాక, అక్కడి బడులు వేర్వేరు బోర్డుల కింద, వేర్వేరు యాజమాన్యాల కింద, వేర్వేరు నిబంధనల మధ్య నడుస్తున్నాయి. బడి మార్చుకునే హక్కును చట్టం పిల్లలకు ఇచ్చింది. అయితే ఆ హక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో తెలియక నష్టపోతున్న కుటుంబాలు ఉన్నాయి, బడి మారితే చదువు దానంతట అదే బాగుపడుతుందని నమ్మి నిరాశపడుతున్న కుటుంబాలూ ఉన్నాయి. ఈ రెండు విషయాలనూ కలిపి చూస్తేనే తల్లిదండ్రుల ముందున్న పని స్పష్టమవుతుంది.

ఉక్కు నగరం, తెలుగు కుటుంబాలు

టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడి, సాక్చి అనే గ్రామం దగ్గర కర్మాగారం కట్టి, 1912 నాటికి ఉక్కు తయారీ మొదలుపెట్టగా, 1919లో వైస్రాయ్ ఛెమ్స్‌ఫర్డ్ ఆ స్థలానికి జంషెడ్‌జీ టాటా స్మారకంగా జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కర్మాగారంలోనూ రైల్వేలోనూ పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి, గంజాం ప్రాంతం నుంచి తరలి వెళ్లిన తెలుగువారు అక్కడే స్థిరపడి, తరాలు గడిచినా తమ ఉనికిని నిలుపుకున్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కదమాలోని ఆంధ్ర అసోసియేషన్, ఆ సంఘం పేరుతో నడిచే ఇంగ్లీషు మాధ్యమ పాఠశాల అందుకు నిదర్శనాలు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు లేదా హిందీ వినే పిల్లలకు బడి మార్పు అంటే చాలాసార్లు పాఠం చెప్పే భాష మారడం కూడా అవుతుంది.

ఈ నగరంలోని బడులను స్థూలంగా మూడు వర్గాలుగా చూడవచ్చు. రాష్ట్ర ప్రభుత్వం నడిపే బడులు మొదటి వర్గం. వాటిలో ఎక్కువ భాగం హిందీ మాధ్యమంలో ఉంటాయి, పదో తరగతి పరీక్షను రాంచీ కేంద్రంగా పనిచేసే జార్ఖండ్ అకడమిక్ కౌన్సిల్ నిర్వహిస్తుంది. ప్రభుత్వ సహాయం పొందే ప్రైవేటు యాజమాన్యపు బడులు రెండవ వర్గం. ప్రభుత్వ సహాయం తీసుకోకుండా ఫీజులతో నడుస్తూ, సీబీఎస్‌ఈకి గానీ ఐసీఎస్‌ఈ పరీక్ష నిర్వహించే కౌన్సిల్‌కు గానీ అనుబంధంగా ఉండే బడులు మూడవ వర్గం. 1947లో జెసూట్ క్రైస్తవ సంఘం స్థాపించిన లయోలా స్కూలు వంటి పేరున్న సంస్థలు ఈ వర్గంలోనివే. ఏ బడి ఏ వర్గానికి చెందుతుందన్నదాన్ని బట్టే బదిలీ కోరే తల్లిదండ్రులకు చట్టం ఎంతవరకు అండగా నిలుస్తుందో తేలుతుంది.

చట్టం ఇచ్చిన హక్కు, దాని హద్దులు

రాజ్యాంగంలోని 21ఎ అధికరణాన్ని అమలులో పెట్టడానికి పార్లమెంటు 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఉచిత విద్యను హక్కుగా చేసింది. ఆ చట్టంలోని 5వ సెక్షన్ బడి మార్పుకు సంబంధించినది. చదువుతున్న బడిలో ఎనిమిదో తరగతి వరకు చదివే ఏర్పాటు లేకపోయినా, ఏ కారణం చేతనైనా రాష్ట్రం లోపల గానీ రాష్ట్రం దాటి గానీ మారవలసి వచ్చినా, మరొక బడికి బదిలీ కోరే హక్కు పిల్లలకు ఉందని ఆ సెక్షన్ చెబుతుంది. బదిలీ ధ్రువపత్రాన్ని, అంటే అందరూ టి.సి. అని పిలిచే కాగితాన్ని, ప్రధానోపాధ్యాయులు వెంటనే ఇవ్వాలి. ఆలస్యం చేసేవారు క్రమశిక్షణ చర్యకు గురవుతారు. అన్నిటికంటే ముఖ్యంగా, టి.సి. రావడం ఆలస్యమైందన్న కారణం చూపి కొత్త బడి ప్రవేశాన్ని నిరాకరించడానికి గానీ వాయిదా వేయడానికి గానీ వీలులేదు. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో కూడా ప్రవేశం నిరాకరించరాదని 14వ సెక్షన్ అంటుంది.

శ్రీకాకుళం నుంచి జంషెడ్‌పూర్‌కు గానీ, జంషెడ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి గానీ ఏడాది మధ్యలో మారే కుటుంబానికి ఈ నిబంధన ఎంతో విలువైనది. అయితే ఇది ప్రభుత్వ బడులకూ ప్రభుత్వ సహాయం పొందే బడులకూ మాత్రమే వర్తిస్తుంది. సహాయం పొందని ప్రైవేటు బడులనూ, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ విద్యాలయాల వంటి ప్రత్యేక వర్గపు బడులనూ చట్టమే దీని నుంచి మినహాయించింది. అందువల్ల ప్రభుత్వ బడి నుంచి పేరున్న ప్రైవేటు బడికి నాలుగో తరగతిలోనో ఆరో తరగతిలోనో మారాలనుకునే తల్లిదండ్రులకు ఖాళీ ఉంటే సీటు దొరకవచ్చు గానీ, దాన్ని హక్కుగా అడగడానికి చట్టం దారి ఇవ్వలేదు.

ప్రైవేటు బడులలో పేద పిల్లలకు చట్టం తెరిచిన ద్వారం వేరొకటి ఉంది. 12వ సెక్షన్ ప్రకారం, సహాయం పొందని బడులు తమ ప్రారంభ తరగతిలో, అంటే ఒకటో తరగతిలో లేదా అంతకుముందే ప్రవేశం ఉంటే ఆ తరగతిలో, కనీసం 25 శాతం సీట్లను బలహీన వర్గాల పిల్లలకూ వెనుకబాటుకు గురైన సముదాయాల పిల్లలకూ ఇవ్వాలి. ఈ అవకాశం ప్రారంభ తరగతికే పరిమితం కాబట్టి, రెండో తరగతికి చేరాక దీన్ని గురించి తెలుసుకున్న కుటుంబానికి ఉపయోగం ఉండదు. అంతేకాక, 2014 మే నెలలో ప్రమతి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మైనారిటీ విద్యాసంస్థలకు, అంటే మతపరంగా గానీ భాషాపరంగా గానీ అల్పసంఖ్యాకులైనవారు స్థాపించి నడిపే సంస్థలకు, ఈ చట్టం వర్తించదని తేల్చింది. క్రైస్తవ సంస్థల బడులకు ఎంతో గిరాకీ ఉన్న జంషెడ్‌పూర్‌లో ఈ తీర్పు ప్రభావం ఎక్కువ. దరఖాస్తు చేసే ముందు ఆ బడికి మైనారిటీ హోదా ఉందో లేదో తెలుసుకోవడం తల్లిదండ్రులకు అవసరం.

కోరుకోని బదిలీలు

తల్లిదండ్రులు కోరుకోకపోయినా పిల్లలు బడి మారవలసి వచ్చే సందర్భం బడుల విలీనం. పిల్లల సంఖ్య తక్కువగా ఉన్న బడులను దగ్గరలోని పెద్ద బడిలో కలిపివేయడాన్నే విలీనం అంటారు. గత దశాబ్దపు రెండవ సగంలో జార్ఖండ్ ప్రభుత్వం 4 వేలకు పైగా బడులను ఈ విధంగా కలిపివేసింది. ఉపాధ్యాయులు, గదులు, ప్రయోగశాలలు ఒకేచోట సమకూరుతాయన్నది విలీనానికి చెప్పే కారణం. నడక దూరం పెరిగితే చిన్న పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, బడి మానేస్తారన్నది దానిని వ్యతిరేకించేవారి భయం. 2022లో 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించిన 117వ నంబరు ఉత్తర్వు మీద ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే వాదం నడిచింది. ఈ రెండు అనుభవాలూ చెప్పేది ఒక్కటే: ఉపాధ్యాయులూ దూరమూ రెండూ లెక్కలోకి తీసుకోని బదిలీ పిల్లల చదువుకు మేలు చేయదు.

నాణ్యత అంటే ఏమి చూడాలి

బడి బాగుందా లేదా అన్నది నిర్ణయించడానికి చాలామంది ఇంగ్లీషు మాధ్యమాన్నీ, యూనిఫారాన్నీ, భవనాన్నీ కొలమానాలుగా తీసుకుంటారు. అయితే చదువు నాణ్యతకు మూలం ఉపాధ్యాయుల సంఖ్యలోనూ, వారు తరగతిలో గడిపే కాలంలోనూ, పిల్లలు నిజంగా నేర్చుకున్నదానిలోనూ ఉంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఆ పై తరగతులలో 35 మందికి ఒకరు చొప్పున ఉండాలి, గణితం, సైన్సు చెప్పేవారూ, సాంఘికశాస్త్రం చెప్పేవారూ, భాషలు చెప్పేవారూ విడిగా ఉండాలి. ఏడాదికి ప్రాథమిక తరగతులకు 200, ఆ పై తరగతులకు 220 పనిదినాలు తప్పనిసరి.

ఈ ప్రమాణాలకూ వాస్తవానికీ ఉన్న దూరాన్ని ఆర్థికవేత్త జాన్ డ్రెజ్ భాగస్వామ్యంతో జ్ఞాన విజ్ఞాన సమితి 2022లో జరిపిన సర్వే బయటపెట్టింది. జార్ఖండ్‌లోని 16 జిల్లాలలో, దళిత, ఆదివాసీ పిల్లలు ఎక్కువగా చదివే 138 బడులను ఆ బృందం పరిశీలించగా, సుమారు ఐదింట ఒక బడి ఒకే ఉపాధ్యాయుడితో నడుస్తున్నదని, ఒక ఉపాధ్యాయుడికి 30 మంది లోపు పిల్లలు ఉన్న బడులు ప్రాథమిక స్థాయిలో 53 శాతం, ప్రాథమికోన్నత స్థాయిలో 19 శాతం మాత్రమేనని తేలింది. ఇది జార్ఖండ్‌కే పరిమితమైన లోపం కాదు. 2024-25 ప్రభుత్వ గణాంకాల ప్రకారం దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉండగా, 12 వేలకు పైగా బడులతో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలోనూ, 9 వేలకు పైగా బడులతో జార్ఖండ్ మూడవ స్థానంలోనూ నిలిచాయి. గ్రామీణ భారతంలో పిల్లల చదువును పరీక్షించే అసర్ నివేదిక 2024లో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లలలో 23.4 శాతం మందే రెండో తరగతి పాఠం చదవగలిగారని చెప్పింది. 2022లో అది 16.3 శాతమే కాబట్టి ప్రభుత్వ బడి కోలుకోగలదన్న నిజాన్ని కూడా ఆ అంకెలే చెబుతున్నాయి.

కొత్త బడిని ఎంచుకునే తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నలు వీటి నుంచే వస్తాయి. ఎంతమంది పిల్లలకు ఎంతమంది ఉపాధ్యాయులు ఉన్నారు? గణితానికి, సైన్సుకు వేరుగా ఉపాధ్యాయులు ఉన్నారా? ఆ బడిలో మూడో తరగతి పిల్లవాడు తన పుస్తకాన్ని తడబడకుండా చదవగలుగుతున్నాడా? ఆడపిల్లలకు వాడుకకు పనికివచ్చే మరుగుదొడ్డి ఉందా? ఎనిమిదో తరగతి తర్వాత చదువు ఎక్కడ సాగుతుంది? 2023 మే నెలలో జార్ఖండ్ ప్రభుత్వం సీబీఎస్‌ఈ అనుబంధంతో ప్రారంభించిన 80 ముఖ్యమంత్రి ఉత్కృష్ట విద్యాలయాలు ప్రభుత్వ రంగంలోనే మెరుగైన బడి సాధ్యమని చూపించడానికి ఉద్దేశించినవి. కానీ వాటిలో సీట్లు పరిమితం, మిగిలిన వేలాది బడుల అవసరం అలాగే ఉంది.

కాగితాలు, బోర్డులు, భాష

బడి మార్పులో చిన్న పొరపాట్లు పెద్ద ఆటంకాలవుతాయి. ప్రతి విద్యార్థికీ యూడైస్ అనే జాతీయ గణాంక వ్యవస్థలో ఒక శాశ్వత విద్యా సంఖ్య ఉంటుంది. పాత బడి ఆ పిల్లవాడి వివరాలను విడుదల చేస్తేనే కొత్త బడి వాటిని తన లెక్కలోకి తెచ్చుకోగలదు. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఒక విధంగానూ బడి రికార్డులో మరొక విధంగానూ ఉంటే టి.సి. తీసుకునే ముందే సరిచేయించుకోవడం మంచిది. విద్యాహక్కు చట్టం రక్షణ ఎనిమిదో తరగతితో ముగుస్తుంది. తొమ్మిదో తరగతిలో బోర్డు పరీక్షకు నమోదు జరుగుతుంది కాబట్టి, పదో తరగతిలో బోర్డు మారడం చాలా కష్టం. మారక తప్పని కుటుంబాలు ఆ పనిని ఎనిమిదో తరగతి పూర్తయ్యే లోపు ముగించుకోవడం క్షేమం.

తెలుగు రాష్ట్రాలకు తిరిగి వచ్చే జంషెడ్‌పూర్ కుటుంబాలకు భాష మరొక సమస్య. తెలంగాణ 2018లో చేసిన చట్టం అన్ని బోర్డుల బడులలోనూ తెలుగును తప్పనిసరి విషయంగా చేసింది. తెలుగు మాతృభాష కానివారి సౌకర్యం కోసం సరళమైన ‘వెన్నెల’ వాచకాన్ని వాడాలని 2025లో ఆ రాష్ట్రం నిర్ణయించింది. ఇంట్లో తెలుగు మాట్లాడినా చదవడం, రాయడం రాని పిల్లలు ఉన్నట్టుండి ఈ పాఠాన్ని ఎదుర్కొంటారు. జంషెడ్‌పూర్‌కు వెళ్లే తెలుగు పిల్లలకు హిందీ విషయంలో ఇదే ఇబ్బంది. వయసుకు తగిన తరగతిలో చేర్చుకున్న తర్వాత తోటివారితో సమానంగా నిలిచేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలన్న 4వ సెక్షన్ స్ఫూర్తిని ఇలాంటి పిల్లల విషయంలోనూ పాటించాలి.

వెళ్లిపోవడం, నిలిచి అడగడం

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వెలువరించిన గ్రంథంలో, ఒక సంస్థ నాసిరకంగా మారినప్పుడు దాన్ని నమ్ముకున్నవారికి రెండు మార్గాలు ఉంటాయని, ఒకటి విడిచి వెళ్లడం, రెండవది నిలిచి గొంతెత్తడం అని వివరించి, ప్రభుత్వ బడులనే ఒక ఉదాహరణగా తీసుకున్నాడు. నాణ్యత గురించి ఎక్కువగా పట్టించుకునే తల్లిదండ్రులే ముందుగా వెళ్లిపోతే, అడిగేవారు లేక ఆ బడి మరింత దిగజారుతుందన్నది ఆయన వాదన. జంషెడ్‌పూర్‌లో కాస్త స్తోమత ఉన్న కుటుంబాలు చాలావరకు ప్రైవేటు బడుల వైపు మళ్లగా, ప్రభుత్వ బడులలో మిగిలినవారు ఎక్కువగా అధికారుల తలుపు తట్టే తీరిక గానీ ధైర్యం గానీ తక్కువగా ఉన్న పేదలు కావడం ఈ వాదనకు బలం చేకూరుస్తుంది.

వెళ్లిపోలేనివారికి చట్టం ఒక వేదికను ఇచ్చింది. 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే కావాలి, సభ్యులలో సగం మంది మహిళలు కావాలి. బడి పనితీరును గమనించడం, వచ్చిన నిధుల ఖర్చును పరిశీలించడం, బడి అభివృద్ధి ప్రణాళికను తయారుచేయడం ఆ కమిటీ బాధ్యతలు. ఉపాధ్యాయుల కొరతను ఆ ప్రణాళికలో అంకెలతో రాసి, తీర్మానం చేసి, ప్రాథమిక విద్యను చూసే జిల్లా విద్యా సూపరింటెండెంటుకు పంపితే అది ఒక కుటుంబం ఫిర్యాదుగా కాక, చట్టబద్ధమైన సంస్థ కోరికగా నిలుస్తుంది. ఎన్నికైన నగరపాలక సంస్థ లేకుండా నోటిఫైడ్ ఏరియా కమిటీ ద్వారా పాలన సాగిన జంషెడ్‌పూర్‌లో, వార్డు సభ్యుణ్ణి నిలదీసే అవకాశం లేని తల్లిదండ్రులకు ఈ కమిటీ విలువ మరింత ఎక్కువ. ప్రైవేటు బడుల విషయంలోనూ 2017లో సవరించిన జార్ఖండ్ విద్యా ట్రిబ్యునల్ చట్టం ఫీజులను నిర్ణయించే పాఠశాల కమిటీలో తల్లిదండ్రుల ప్రతినిధులకు చోటిచ్చింది.

పిల్లవాడి భవిష్యత్తు కోసం బడి మార్చే తల్లిదండ్రులను తప్పుపట్టడం న్యాయం కాదు. చదువు చెప్పేవారు లేని బడిలో పిల్లలను ఉంచి ఓపిక పట్టమని ఎవరూ అడగలేరు. కానీ బదిలీ ఒక కుటుంబానికి దొరికే ఉపశమనం మాత్రమే, ఆ బడిలో మిగిలిపోయిన పిల్లలకు అది జవాబు కాదు. అందువల్ల ఖాళీగా ఉన్న ఉపాధ్యాయ పోస్టులను నింపడం ప్రభుత్వం మొదటి కర్తవ్యం; కమిటీ సమావేశాలు కాగితం మీద కాక నిజంగా జరిగేలా చూడడం తల్లిదండ్రుల కర్తవ్యం; ప్రవేశాల కాలానికి ముందే 25 శాతం సీట్ల గురించీ టి.సి. నిబంధనల గురించీ పేద కుటుంబాలకు వారి భాషలో చెప్పి దరఖాస్తులు రాయించడం, నగరంలో ఇప్పటికే బలంగా ఉన్న తెలుగు సంఘాల వంటి సంస్థలు వెంటనే చేపట్టగల పని. ఈ మూడూ కలిసి సాగితే, జంషెడ్‌పూర్‌లో బడి మార్చడం ఊరు మారినవారి అవసరంగా మిగులుతుంది గానీ, చదువు కోసం పారిపోవలసిన దుస్థితిగా ఉండదు.