ఎండమావి, నెలవంక, విశ్వాసం

 

వేసవిలో జుహ్ర్ వేళకు ఆరాంఘర్ చౌరస్తా దాటి శంషాబాద్ వైపు 44వ జాతీయ రహదారిపై వెళ్ళేటప్పుడు మనమందరం ఒక దృశ్యం చూసే ఉంటాము. ఎదుట రోడ్డుపై నీరు నిలిచినట్లు కనబడుతుంది. ముందు పోయే లారీ అందులో తలకిందులుగా మెరుస్తుంది. దగ్గరకు వెళితే పొడి తారు తప్ప మరేమీ ఉండదు. దివ్య ఖుర్ఆన్‌లోని 24వ సూరా, నూర్, 39వ ఆయతులో సత్యతిరస్కారుల కర్మలకు ఈ ఎండమావినే ఉపమానంగా చెప్పడం జరిగింది. దప్పికగొన్నవాడు దానిని నీరనుకుంటాడు. ఈ ఉపమానంలోని దప్పికను మనం తరచూ గమనించకుండా దాటిపోతాము. ఎండమావి అందరికీ కనబడుతుంది. దాని వెంట పరుగెత్తేవాడు మాత్రం దాహంతో ఉన్నవాడే.

మరి, ఇక్కడ కన్ను అబద్ధమాడిందా? లేదు. కాలిన తారును ఆనుకొని ఉన్న గాలి వేడెక్కి పలుచబడుతుంది. ఆకాశం నుంచి దిగే కాంతి ఆ పొరలో వంగి, పైకి తిరిగి మన కంటిని చేరుతుంది. అంటే రోడ్డుపై మనం చూసినది నిజమైన ఆకాశపు వెలుగే. కన్ను తనకు అందినదానిని అందినట్లే అప్పగించింది. ‘అది నీరు’ అన్న తీర్పు మాత్రం మనది. బస్రాలో జన్మించిన ఇబ్నుల్ హైథమ్ 11వ శతాబ్దపు తొలి దశకాలలో రచించిన ‘కితాబుల్ మనాజిర్’లో ఈ తేడాను విపులంగా చర్చించారు. వస్తువుల నుంచి వచ్చే కాంతి కంటిలో ప్రవేశించడం వల్ల చూపు కలుగుతుంది. చూసినది ఏమిటో గుర్తించే పనిని మనసు పాత అనుభవంతో పోల్చుకొని, మనకే తెలియనంత త్వరగా ముగించేస్తుంది.

ఆయనకు మూడు శతాబ్దాల పూర్వం అదే బస్రాకు న్యాయమూర్తిగా పేరొందిన ఇయాస్ బిన్ ముఆవియా (రహ్మ) గురించి చరిత్రకారులు ఒక ఉదంతం చెబుతారు. నూరేళ్ళకు చేరువైన అనస్ బిన్ మాలిక్ (ర) నెలవంక కోసం ప్రజలతో కలిసి నిలబడి, తనకు అది కనబడిందని చూపించారు. మరెవరికీ కనబడలేదు. ఇయాస్ ఆయన ముఖాన్ని పరికించి చూశారు. కనుబొమలోని తెల్లని వెంట్రుక ఒకటి వంగి కంటికి అడ్డంగా వచ్చింది. దానిని సవరించి మళ్ళీ అడిగితే, ఇప్పుడు కనబడడం లేదన్నారు అనస్ (ర). ఎంతటి మర్యాద! ఇయాస్ ఆ మహనీయుని మాటను అబద్ధమనలేదు, అలాగని ఉన్నపళంగా ఆమోదించనూ లేదు.

కొందరు అగోచరంపై విశ్వాసమంటే కనబడని దేనినైనా నమ్మేయడమని అపార్థం చేసుకుంటారు. మనం అల్లాహ్‌ను, దైవదూతలను, పరలోకాన్ని విశ్వసిస్తున్నామంటే దానికి ఆధారం దైవవాణి. పొరుగువాని మీద పుట్టిన పుకారు గైబ్ కాదు. అది జన్న్, వట్టి అనుమానం. వచ్చిన వార్తను విచారించి తెలుసుకోవాలని 49వ సూరా, హుజురాత్, 6వ ఆయతు ఆజ్ఞాపిస్తోంది. కొన్ని అనుమానాలు పాపమేనని అదే సూరాలోని 12వ ఆయతు హెచ్చరిస్తోంది.

2018 మే నెల. రంజాన్ మాసం. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో పుకార్లు తెలంగాణ అంతటా వ్యాపించాయి. ఆరాంఘర్‌కు తూర్పున కొన్ని కిలోమీటర్ల దూరంలోని చాంద్రాయణగుట్టలో, భిక్షాటనకు వచ్చిన హిజ్రాలపై గుంపు విరుచుకుపడింది. వారిలో ఒకరు ప్రాణం కోల్పోయారు. ఆ గుంపు కళ్ళకు కనబడినదేమిటి? కొత్త ముఖాలు, చాచిన చేతులు. ‘వీరు పిల్లల దొంగలు’ అన్నది కన్ను చెప్పిన మాట కాదు. బిడ్డల గురించిన భయమే అక్కడి దప్పిక అయింది.

నెలవంక చూశానని వచ్చిన సాక్షిని ఎక్కడ నిలబడి చూశావు, ఏ దిక్కున, ఏ సమయంలో అని విచారించడం మనకు తరతరాలుగా వస్తున్న ఆనవాయితీ. అలాగే ఆ రోజు కూడా, పోయింది ఎవరి బిడ్డ, ఏ వీధిలో, కళ్ళారా చూసింది ఎవరు అని ఒక్కరు గట్టిగా అడిగి, జవాబు వచ్చేదాకా ఆ గుంపును ఆపగలిగి ఉంటే, భిక్షకు వచ్చిన ఆ మనిషి మళ్ళీ తన ఊరు చేరి ఉండేవారు.