రెండు గడియారాలు

నెల్లూరు మండలానికి సముద్రం పెట్టనికోట మాత్రమే కాదు, పెన్నిధి కూడా. ఆ తీరం వెంట ప్రయాణించేవారికి ఉప్పుగాలితోపాటు రొయ్యల చెరువులూ, వాటిలో నీటిని చిలుకుతూ తిరిగే ఏరియేటర్లూ కనిపిస్తాయి. చెరువులో ప్రాణవాయువు తగ్గితే నెలల శ్రమ ఒక్క రాత్రిలో నీటిపాలవుతుంది. తక్కువ విద్యుత్తుతో నడిచే కొత్త ఏరియేటరును ఈ తీరపు యువకుడొకడు రూపొందించాడనుకుందాం. దానిపై హక్కు పొందాలంటే అతడు చట్టపు గడియారాన్ని గమనించాలి. దానిని విదేశాలలో విక్రయించాలంటే దేహపు గడియారాన్ని కూడా గమనించాలి.

నూతన ఆవిష్కరణపై ప్రభుత్వం పరిమిత కాలానికి ఇచ్చే ప్రత్యేక హక్కే పేటెంటు. మనదేశంలో 1970 నాటి పేటెంట్ల చట్టం 1972లో అమలులోకి వచ్చింది. ఇప్పుడు పేటెంటు గడువు దరఖాస్తు చేసిన నాటినుండి 20 సంవత్సరాలు. ఆ కాలంలో హక్కుదారు అనుమతి లేకుండా ఇతరులు ఆ వస్తువును తయారుచేయరాదు, అమ్మరాదు. దీనికి ప్రతిగా అతడు తన ఆవిష్కరణ రహస్యాన్ని లోకానికి వివరంగా వెల్లడించాలి. గడువు తీరిన తరువాత అది అందరి సొత్తు అవుతుంది.

పేటెంటు పొందే ఆవిష్కరణ కొత్తదై ఉండాలి. ఆ రంగంలో నిపుణులైన వారికి సులభంగా తట్టనిదై ఉండాలి. పరిశ్రమలో ఉపయోగపడాలి. గాయాలను మాన్పే పసుపు గుణంపై 1995లో అమెరికాలో ఒక పేటెంటు మంజూరయింది. అది మన పెద్దలకు తరతరాలుగా తెలిసినదేనని భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి ఆధారాలతో వాదించగా, 1997లో ఆ హక్కు చెల్లదని తేలింది. తెలిసినదానికి పేటెంటు లేదన్న ఈ సూత్రం ఆవిష్కర్తకు కూడా వర్తిస్తుంది. దరఖాస్తుకు ముందే తన యంత్రాన్ని తానే పత్రికలోనో, ప్రదర్శనలోనో బయటపెడితే అది కొత్తదన్న అర్హతను కోల్పోయే ప్రమాదం ఉంది.

పేటెంటుకు పెద్ద చదువులు, ప్రయోగశాలలు తప్పనిసరి కావు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం చదువు ఆరవ తరగతితోనే ఆగిపోయింది. ఒక్క చీరకు కావలసిన ఆసు పోయడానికి వేలసార్లు చేయి ఆడిస్తూ తల్లి లక్ష్మి పడే బాధను ఆయన చూశారు. ఏళ్ల తరబడి శ్రమించి 1999 నాటికి ఆసు యంత్రాన్ని సిద్ధం చేసి, దానికి తల్లి పేరే పెట్టారు. ఆ యంత్రానికి పేటెంటు లభించింది. 2017లో ఆయనను పద్మశ్రీ వరించింది.

దరఖాస్తు చేసే విధానం క్లిష్టమేమీ కాదు. తెలుగు రాష్ట్రాలవారికి చెన్నైలోని పేటెంటు కార్యాలయం ఆధారం. అంతర్జాలం ద్వారా కూడా దరఖాస్తు చేయవచ్చు. యంత్రం ఇంకా పూర్తికాకపోతే తాత్కాలిక వివరణ పత్రం ఇచ్చి, ముందుగా తేదీని దక్కించుకోవచ్చు. తరువాత 12 నెలలలోగా సంపూర్ణ వివరణ సమర్పించాలి. సాధారణంగా 18 నెలల తరువాత దరఖాస్తు ప్రచురితమవుతుంది. పరీక్షించమని విడిగా కోరితేనే అధికారులు దానిని పరిశీలిస్తారు.

భారతీయ పేటెంటు మనదేశంలోనే చెల్లుతుంది. ఇక్కడ దరఖాస్తు చేసిన 12 నెలలలోగా ఇతర దేశాలలోనూ చేస్తే మొదటి తేదీయే లెక్కకు వస్తుంది. అయితే మనదేశ నివాసి ముందు ఇక్కడ దరఖాస్తు చేసి ఆరు వారాలు ఆగాలి, లేదా అధికారుల అనుమతి పొందాలి. ఏటా బోస్టన్‌లో జరిగే మత్స్య ఉత్పత్తుల ప్రదర్శనకు యంత్రంతో వెళ్లదలచినవాడు దరఖాస్తు సంఖ్య చేతికి వచ్చాకే విమానమెక్కడం వివేకం.

అక్కడికి చేరిన తరువాత రెండవ గడియారం పరీక్ష పెడుతుంది. వేసవిలో నెల్లూరులో ఉదయం తొమ్మిదిన్నర అయినప్పుడు బోస్టన్‌లో అర్ధరాత్రి పన్నెండు. విమానం గంటల వ్యవధిలో సముద్రాలను దాటించినా, మెదడులోని జీవగడియారం అంత వేగంగా మారదు. అది సుమారుగా రోజుకు ఒక గంట మాత్రమే సర్దుకుంటుంది. ఆ వ్యవధిలో కలిగే నిద్రలేమి, అలసట, ఏకాగ్రత లోపం, అజీర్ణం వంటి బాధలనే జెట్‌లాగ్ అంటారు. పడమటికి వెళ్లేటప్పటికన్నా తూర్పునకు తిరిగి వచ్చేటప్పుడు ఈ బాధ సాధారణంగా ఎక్కువ.

దీనికి ప్రధానమైన మందు వెలుతురే. పగటివేళ ఆరుబయట తిరగడం, అక్కడి వేళలకే భోజనం చేయడం, పగటినిద్రను అరగంటకు మించనీయకపోవడం, సాయంత్రం కాఫీ మానడం మేలు చేస్తాయి. వీలైతే ఒకటి రెండు రోజులు ముందుగా చేరాలి. నిద్రమత్తు వీడకముందే ఒప్పందాలపై సంతకం చేయరాదు. అలసిన కన్ను చదవని ఒక్క వాక్యం ఏళ్ల శ్రమను పరుల పాలు చేయవచ్చు.

ఆలోచన పుట్టడం ప్రతిభ. దానిని కాపాడుకోవడం జాగ్రత్త. మొదటి గడియారం మనకోసం ఆగదు, కాబట్టి తొందరపడాలి. రెండవది తొందరపడదు, కాబట్టి మనమే ఆగాలి. ఈ భేదం ఎరిగిన యువత చేతిలో తీరగ్రామంలో పుట్టిన ఆలోచన కూడా తన పేరుతోనే ఖండాంతరాలకు చేరుతుంది.