పేను కొరకని పేనుకొరుకుడు

తలలో రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు రాలిపోయాయంటే మనవాళ్ళు చప్పున అనేమాట ఒకటే: “పేనుకొరుకుడు.” పేరు పెట్టేశాం గనుక రోగం తెలిసిపోయినట్టే లెక్క. తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికేవాణ్ణి, మాటను తప్పుపట్టడం నాకు కష్టమే. కాని ఈ ఒక్క మాటవల్ల మా యింట్లో రెండేళ్ళు వృథా అయ్యాయి.

మా పెద్దమ్మ కూతురు మైపాడు దగ్గర కాపురం వుంటోంది. బావకు రొయ్యల గుంటలున్నాయి. మేతకూ నీటికీ ఆయనతోబాటు అక్క కూడా ఎండలో గట్లమీద తిరిగే మనిషి. 2021 వేసవిలో ఆమె నడినెత్తిన చిన్న మచ్చ కనిపించింది. ఇరుగుపొరుగు అమ్మలక్కలు పేనుకొరుకుడన్నారు. గురివింద గింజ అరగదీసి పట్టించారు. ఉల్లిపాయ రసం పూశారు. మంటెత్తి తల బొబ్బలెక్కిందే గాని వెంట్రుక మొలవలేదు. చివరికి మొక్కుకుని తిరుమలలో తలనీలాలు సమర్పించి వచ్చింది.

మూడు నెలలు గడిచాక నేను వెళ్ళాను. తలంతా అంగుళం మేర నల్లగా జుట్టు వచ్చింది. నడినెత్తిన మాత్రం మూడు వేళ్ళ వెడల్పున నున్నగా మెరుస్తోంది.

“చూశావా తమ్ముడూ, స్వామి అంతా ఇచ్చి ఇక్కడ మాత్రం అప్పు పెట్టుకున్నాడు” అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు నవ్వు రాలేదు. మర్నాడే నెల్లూరు తీసుకువెళ్ళి చర్మవ్యాధుల డాక్టరమ్మగారికి చూపించాను.

అక్కడ నేర్చుకున్నదాన్నీ, తరువాత చదివి తెలుసుకున్నదాన్నీ పాఠకులకు చెబుతాను.

అసలు పేనుకొరుకుడులో పేను దోషం ఏమీ లేదు. మన ఒంట్లోని రక్షణ శక్తే పొరబడి, వెంట్రుక అడుగునున్న మొదలుమీద దాడి చేస్తుంది. అయినా కుదురు చెడదు. వరి కోసినా దుబ్బు మిగిలితే పిలక వేసినట్టు, చాలామందికి జుట్టు మళ్ళీ వస్తుంది. మచ్చపడే జుట్టురాలుడు వేరు. ఇందులో వాపు వెంట్రుక కుదురు పైభాగాన, కొత్త వెంట్రుకను పుట్టించే మూలకణాలున్న చోటునే కాలుస్తుంది. కుదురు పోయి, ఆ చోట గట్టి మచ్చకండ పెరుగుతుంది. సముద్రపు నీరెక్కి చవిటిపర్ర అయిన నేలలో గడ్డి మొలవనట్టు, అక్కడ ఇక వెంట్రుక మొలవదు.

రెంటికీ తేడా ఇంట్లోనే కొంత పోల్చుకోవచ్చు. మంచి వెలుతురులో పాయ విడదీసి చూడండి. మామూలు పేనుకొరుకుడులో వెంట్రుకల రంధ్రాలు సన్నగా కనబడుతూనే వుంటాయి. మచ్చపడితే అవి మాసిపోయి చర్మం నున్నగా మెరుస్తుంది. అంచున ఎరుపు, వెంట్రుకల మొదళ్ళ చుట్టూ పొట్టు, దురద, మంట, నొప్పి వుంటే ఆలస్యం పనికిరాదు.

డాక్టరుగారు మొదట డెర్మోస్కోప్ అనే భూతద్దంతో చూస్తారు. అవసరమైతే మత్తు సూది వేసి 4 మిల్లీమీటర్ల ముక్క తీసి పరీక్షకు పంపుతారు. దానికి ఒకటి రెండు కుట్లు పడతాయి, అంతే. ఆ ముక్కను బోడిపడిన నడుమ భాగంలోంచి గాక, రోగం ఇంకా రగులుతున్న అంచునుంచి తియ్యాలి. ఆరిన బూడిదలో నిప్పు వెతికితే దొరకదు గదా!

అక్కకు తేలినది డిస్కాయిడ్ లూపస్. లూపస్ అంటే లాటిన్‌లో తోడేలు. మనం పేనును ఆడిపోసుకుంటే వాళ్ళు తోడేలును ఆడిపోసుకున్నారన్నమాట! దీనికి ఎండంటే పడదు. కొద్దిమందిలో ఇది లోపలి అవయవాలకూ పాకవచ్చు గనుక రక్తం, మూత్రం కూడా పరీక్షిస్తారు.

ఈ జాతి రోగాలు ఇంకా వున్నాయి. లైకెన్ ప్లానస్ తలకు వస్తే కుదుళ్ళను తినేస్తుంది. ముట్లుడిగిన ఆడవారిలో నుదుటి అంచు వెనక్కు జరుగుతూ, కనుబొమలు కూడా పలచబడే రకాన్ని 1994లో కొస్సార్డ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు వర్ణించాడు. పిల్లల తలమీద తామర ముదిరి చీముగడ్డలా వుబ్బితే దాన్ని కొయ్యకూడదు, పైపూత చాలదు, కొన్ని వారాలపాటు కడుపులోకి మందు వాడాలి. ఏళ్ళ తరబడి జడ బిగించి లాగి అల్లినా కణతల దగ్గర కుదుళ్ళు చచ్చిపోతాయి. తల్లులు గమనించాలి.

ఇక చికిత్స. పోయిన వెంట్రుకను తెచ్చే మందు లేదు. ఉన్నదాన్ని నిలబెట్టే మందులున్నాయి. స్టెరాయిడ్ పూతలు, నాలుగైదు వారాలకొకసారి మచ్చ అంచున సూదులు, కొన్ని రకాలకు డాక్సీసైక్లిన్, లూపస్‌కు హైడ్రాక్సీక్లోరోక్విన్. 2020లో కరోనా రోజుల్లో అందరి నోటా నానిన మాత్ర ఇదే. మనిషి బరువు చూసి మోతాదు నిర్ణయిస్తారు. మొదట్లోనూ, అయిదేళ్ళు దాటాక ఏటా కంటి పరీక్ష తప్పదు. వెంట్రుకలు నాటించుకోవాలన్నా రోగం ఏడాది రెండేళ్ళపాటు పూర్తిగా అణగివుండాలి. తొందరపడితే నాటినవీ పోతాయి.

“రెండేళ్ళ ముందు వచ్చివుంటే ఇంత పోయేది కాదమ్మా” అన్నారు డాక్టరమ్మగారు. అక్క మారుమాట్లాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మాత్రం, “వాళ్ళంతా నా మేలు కోరే చెప్పారులేరా” అంది.

ఇప్పుడు ఆమె గొడుగు లేనిదే గుంట గట్టెక్కదు. మచ్చ పెరగడం ఆగింది. అంచున పలచబడ్డ వెంట్రుకలు నిలదొక్కుకున్నాయి. నడుమ చోటు అలాగే వుంది, అలాగే వుంటుంది. పాపిట పక్కకు తీసి, దానిమీదుగా జుట్టు దువ్వి ముడి వేస్తుంది. “జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందంటారు, ఉన్నంతలో పెట్టుకునే కొప్పు సంగతి ఎవరూ చెప్పరేం?” అని మొన్న అడిగింది.

మీ యింట్లో ఎవరికైనా తలలో అలాంటి బిళ్ళ కనిపిస్తే, గురివింద గింజ కోసం వెదకకండి. ముందు వెలుతురులో కూర్చోబెట్టి, రంధ్రాలున్నాయో లేవో చూడండి. లేకపోతే ఆ వారమే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.