థేమ్సు ఒడ్డున ఎర్రరాతి స్తంభం

ఆదోని కొండలను నిత్యం చూచే హాలహర్వి ప్రాంతపు వారికి గ్రానైటు రాయి కొత్త కాదు. ఆ జాతి రాతితోనే చెక్కిన ఎర్రని స్తంభమొకటి ఇంగ్లండులో, గ్రీనిచ్ వద్ద థేమ్సు నది ఒడ్డున నిలిచి ఉన్నది. 1855లో దానిని నిలిపినవారు ఆంగ్లేయులు. దానిపై పెద్ద అక్షరాలతో ఉన్న పేరు మాత్రం ఒక ఫ్రెంచి నావికునిది: బెల్లో.

ఉత్తర అమెరికాకు పైగా, మంచు సముద్రం గుండా పసిఫిక్ మహాసముద్రానికి దారి వెదకుటకు సర్ జాన్ ఫ్రాంక్లిన్ 1845లో రెండు నౌకలతో బయలుదేరాడు. ఆయనతో కలిపి 129 మంది. ఒక్కరూ తిరిగి రాలేదు. వారిని వెదకబోయిన వారిలో జోసెఫ్ రెనే బెల్లో ఒకడు. 1852లో ఆయన చూచిన జలసంధికి నేటికీ ఆయన పేరే ఉన్నది.

1853 ఆగస్టులో ఆయన నలుగురు నావికులతో, జాబులు తీసుకొని మంచుమీద నడచి పోతున్నాడు. గాలి ఉధృతమై మంచుపలక తీరం నుండి విడిపోయింది. ఇద్దరు నావికులతో ఆయన దానిపై కొట్టుకొనిపోయాడు. మంచు ఎటు సాగుతున్నదో చూచి వస్తానని వెళ్ళిన ఆయన మరి కనబడలేదు. పలకలో పడిన పగులుకు ఆవల ఆయన చేతికర్ర మాత్రం కనబడింది. అప్పటికి ఆయన వయస్సు 27 ఏండ్లు. తోడివారిద్దరూ బ్రతికి వచ్చారు.

నేలవలె గట్టిగా తోచే మంచు ఇట్లు పగులుట ఎందువలన? సముద్రజలం సుమారు −1.8 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గడ్డకడుతుంది. నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం దాదాపు నూటికి 9 వంతులు పెరుగుతుంది. అందుచేత మంచు నీటిపై తేలుతుంది. తేలే పలకకు అడుగున ఆధారం లేదు. గాలి ఒకవైపు, పోటు ప్రవాహం మరొకవైపు లాగితే నిమిషాలలో చీలిపోతుంది.

ఈ వ్యాకోచమే శీతల దేశాలలో రాళ్ళకూ శత్రువు. రంధ్రాలున్న రాతిలో ఇంకిన నీరు గడ్డకట్టి, లోపలినుండి నెట్టి, రాతిని బ్రద్దలు చేస్తుంది. గ్రానైటులో స్ఫటికాలు ఒకదానిలో ఒకటి గట్టిగా ఇమిడి ఉంటాయి గనుక నీరు చొరబడుటకు చోటు బహుస్వల్పం. ఎరుపు రంగు అందలి ఫెల్‌స్పారు ఖనిజం వలన కలిగినది. మంచు ఎరుగని మన సీమలో కూడ ఈ రాయి శాశ్వతం కాదు. వాననీటికి ఫెల్‌స్పారు మెల్లమెల్లగా బంకమన్నుగా మారుతుంది.

ఫ్రాంక్లిన్ నౌకలలో 'ఎరిబస్' 2014లోను, 'టెర్రర్' 2016లోను సముద్రగర్భాన కనబడ్డాయి. బెల్లో శరీరం మాత్రం దొరకలేదు. పరాయి దేశపు నావికులకై ప్రాణమిచ్చిన ఆ యువకునికి సమాధి లేదు. ఆ నదీతీరాన ఈ రాయి ఉన్నది.