కాంతిని స్వరపరచిన సాధకుడు

శబ్దము ఆకాశమునకు గుణమనీ, రూపము తేజస్సుకు గుణమనీ మన తర్కశాస్త్రం విడదీసి చెప్పింది. చెవికి అందేది ఒకటి, కంటికి అందేది మరొకటి. ఈ రెండింటినీ ఒకే సాధనగా భావించి జీవించిన ఒక విదేశీయుని గురించి ఈ ఆదివారం మీతో ముచ్చటించదలచాను. ఆయన పేరు యాన్సెల్ ఆడమ్స్. అమెరికా దేశపు పర్వతాలను నలుపు తెలుపులలో చూపిన ఛాయాచిత్రకారునిగా ఆయన కీర్తి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆయన మొదట సంగీత విద్యార్థి అన్న సంగతి మాత్రం తెలిసినవారు తక్కువ. వాగ్గేయకారుడు కారు, పియానో వాద్యమును గురుముఖంగా అభ్యసించినవారు.

ఆడమ్స్ 1902లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జన్మించారు. నాలుగేళ్ళ ప్రాయంలో, 1906 నాటి మహాభూకంపం తరువాతి ప్రకంపనలలో క్రిందపడి ముక్కు విరిగింది. ఆ వంకర జీవితాంతం అలాగే ఉండిపోయింది. బడి చదువు ఆ బాలునికి రుచించలేదు. పన్నెండేళ్ళ వయసులో పియానో మీద చేయి పెట్టాడు. తరువాత దొరికిన గురువులు కఠినమైనవారు. ప్రతి స్వరమూ స్పష్టంగా, తన స్థానంలో తాను పలకాలి. ఒకటి మసకబారినా మళ్ళీ మొదటికి రావలసిందే. చంచలమైన ఆ మనస్సు నిలిచింది ఆ శిక్షణ వల్లనే అని వేరుగా చెప్పనక్కరలేదు. కచేరీ విద్వాంసుడు కావాలన్నదే ఆయన సంకల్పం.

1916లో తల్లిదండ్రులతో కలిసి యోసెమిటీ లోయకు వెళ్ళినప్పుడు చేతికి ఒక చిన్న పెట్టె కెమెరా వచ్చింది. అక్కడితో జీవితం రెండు పాయలైంది. చలికాలమంతా నగరంలో పియానో, వేసవి అంతా కొండలలో కెమెరా. ఇలా ఒకటి రెండేళ్ళు కాదు, పద్నాలుగేళ్ళు గడిచాయి. 1925లో మంచి పియానో ఒకటి కొనుక్కున్నారంటే అప్పటికీ మనస్సు సంగీతం వైపే ఉన్నదని మీరు గ్రహించవచ్చు.

1927 ఏప్రిల్ 10వ తేదీన జరిగిన సంఘటనను కొంత వివరంగా చెప్పవలసి ఉంది. యోసెమిటీలో హాఫ్ డోమ్ అనే ఏకశిలా పర్వతం ఉన్నది. లోయ నుండి దాదాపు 4,800 అడుగుల ఎత్తు. దాని ముఖభాగాన్ని చిత్రించడానికి బరువైన కెమెరానూ గాజు ఫలకాలనూ మోసుకుంటూ మంచులో ఎక్కి వెళ్ళారు. వెళ్ళిన తావుకు చేరేసరికి మిగిలినవి రెండు ఫలకాలు. ఒకదానిని పసుపు ఫిల్టరుతో తీశారు. తీసిన వెంటనే, ఇది కంటికి కనబడిన కొండే గాని తన మనస్సులో నిలిచిన కొండ కాదని తోచింది. చివరి ఫలకానికి ముదురు ఎరుపు ఫిల్టరు అమర్చారు. ఎరుపు గాజు ఆకాశపు నీలి కాంతిని అడ్డగిస్తుంది, కనుక ఆకాశం నల్లబడుతుంది. ఆ నలుపు ముందు శిల తన గాంభీర్యంతో నిలుస్తుంది. చిత్రం తీయకముందే పూర్తయిన చిత్రాన్ని మనోనేత్రంతో దర్శించడం ఆనాడే తనకు పట్టుబడిందని ఆయన తరువాత పలుమార్లు చెప్పుకున్నారు. పాడబోయే రాగాన్ని గాయకుడు శ్రుతి పెట్టగానే లోపల వింటాడు కదా, అటువంటిదే ఇది.

ఎన్నాళ్ళని రెండు పడవల ప్రయాణం? 1930లో పాల్ స్ట్రాండ్ అనే ఛాయాచిత్రకారుని నెగటివులను చూశాక ఆడమ్స్ నిర్ణయానికి వచ్చారు. పియానోను వృత్తిగా వదిలివేస్తానన్నారు. ఇంటిలోని పెద్దవారు తల్లడిల్లారు. యంత్రం ఆత్మను పలికించలేదని వారి వాదం. యంత్రానికి ఆ శక్తి లేకపోవచ్చు, దానిని పట్టిన మనిషికి ఉండవచ్చునని ఆయన సమాధానం. మన ఇండ్లలోనూ ఇటువంటి సంభాషణలు జరుగుతూనే ఉంటాయి. పెద్దల భయం అబద్ధమని నేను అనను. ఇన్నేళ్ళ సాధనను ప్రక్కన పెట్టడం సామాన్యమైన త్యాగం కాదు.

అయితే సంగీతం ఆయనను విడిచిపోలేదు. నెగటివు స్వరకర్త వ్రాసిన స్వరలిపి వంటిదనీ, దాని నుండి తీసే ప్రింటు కచేరీ వంటిదనీ ఆయన సిద్ధాంతం. నేను వేదాధ్యయనం చేసినవాడిని. ఉదాత్తానుదాత్తములను అణుమాత్రం మార్చే అధికారం మాకు లేదు. కీర్తన పాడేవారికి ఆ స్వాతంత్ర్యం ఉన్నది. కృతి ఒకటే, మనోధర్మం వేరు. ఆడమ్స్ ఈ రెండవ మార్గమువారు. ఒకే నెగటివును ముప్పై ఏళ్ళ తరువాత మళ్ళీ ముద్రించినప్పుడు ఆకాశాన్ని మరింత నల్లగా, మరింత గంభీరంగా పలికించేవారు.

1940 ప్రాంతంలో ఫ్రెడ్ ఆర్చర్ అనే సహచరునితో కలిసి ఆయన కాంతికి ఒక మేళకర్త వంటి పద్ధతిని ఏర్పరచారు. దానిని జోన్ పద్ధతి అంటారు. గాఢాంధకారం నుండి శుద్ధ శ్వేతం వరకు సున్న మొదలు పది వరకు పదకొండు మెట్లు. ఒక్కొక్క మెట్టుకు కాంతి రెట్టింపు అవుతుంది. మధ్య షడ్జం నుండి తారాషడ్జానికి వెళ్ళేటప్పుడు కంపనాల సంఖ్య రెట్టింపయ్యే విధానం సంగీతజ్ఞులకు తెలిసినదే. స్వరస్థానములు నేర్చిన చేతికి ఛాయాస్థానములు వశం కావడంలో వింత ఏమున్నది?

ఈ జ్ఞానం ఎలా అక్కరకు వచ్చిందో చూడండి. 1941లో న్యూమెక్సికో రాష్ట్రంలో హెర్నాండెజ్ అనే పల్లె ప్రక్కగా కారులో వెళుతూ, ఉదయిస్తున్న చంద్రుణ్ణీ, పశ్చిమకాంతిలో వెలుగుతున్న శ్మశానపు తెల్లని శిలువలనూ చూశారు. గబగబా కెమెరా నిలిపారు. కాంతిని కొలిచే మీటరు కనబడలేదు. చంద్రబింబపు ప్రకాశం చదరపు అడుగుకు 250 క్యాండిళ్ళని జ్ఞాపకం ఉన్నది. ఆ ఒక్క అంకె ఆధారంగా లెక్కకట్టి ఒక చిత్రం తీశారు. రెండవది తీయబోయేలోగా శిలువల మీది వెలుగు తొలగిపోయింది. అలా దక్కిన ఆ ఒక్క నెగటివుకు 1948లో నేల భాగాన్ని రసాయనాలతో గాఢపరచవలసి వచ్చింది. దాని నుండి జీవితకాలంలో వెయ్యికి పైగా ప్రింట్లు తీశారు.

చిత్రమేమంటే, తీసిన తేదీని వ్రాసుకోలేదు. సంవత్సరం కూడా ఒక్కొక్కచోట ఒక్కొక్కటి చెప్పారు. చివరకు చంద్రుడే సాక్ష్యం చెప్పాడు. బింబం ఉన్న స్థానాన్ని గణించి 1991లో డెన్నిస్ డి సిక్కో అనే ఖగోళజ్ఞుడు, అది 1941 నవంబరు 1, సాయంకాలం 4 గంటల 49 నిమిషాలని తేల్చారు. మన పంచాంగం ప్రకారం వృష నామ సంవత్సరం, కార్తీక శుద్ధ పక్షపు చివరి రోజులు.

ఆ కొండల రుణమూ ఆయన తీర్చుకున్నారు. 1936లో తన చిత్రాలు చేతబట్టి వాషింగ్టన్ వెళ్ళి, కింగ్స్ కాన్యన్ అరణ్యాన్ని కాపాడవలసిందని ప్రజాప్రతినిధులను అర్థించారు. 1938లో ఆ పర్వతాల చిత్రాలతో వెలువరించిన గ్రంథం అధ్యక్షుడు రూజ్వెల్టు వరకు చేరింది. 1940లో ఆ ప్రాంతం జాతీయ వనమైంది. విన్నపము మాటలలో చెప్పితే వినేవారెందరు, చెప్పండి?

1984 ఏప్రిల్ 22న ఆడమ్స్ కన్నుమూశారు. మరుసటి ఏడు యోసెమిటీ అంచున ఒక శిఖరానికి ఆయన పేరు పెట్టారు. నెగటివులు ఆరిజోనా విశ్వవిద్యాలయపు ఛాయాచిత్ర కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. యోసెమిటీలో యాత్రికులకు అందుబాటు ధరలో ఇచ్చే ప్రత్యేక ప్రింట్లను మాత్రం, 1975 నుండి ఆయన సహాయకుడైన అలన్ రాస్ చీకటి గదిలో స్వహస్తాలతో ముద్రించసాగారు. గురువు వ్రాసి ఉంచిన స్వరలిపిని శిష్యుడు చేతబట్టాడు.